ఎజైల్ మీ ప్రాజెక్టుకు తగినదేనా? లాభనష్టాలను బేరీజు వేసుకునే విధానం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ఎజైల్ పద్ధతిలో, అంటే పనిని కొంత కొంతగా చేసి చూపిస్తూ స్పందనను బట్టి మార్చుకుంటూ, నడపాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు, చాలా సంస్థల్లో, ఆ ప్రాజెక్టు స్వభావాన్ని పరిశీలించకముందే ఖరారైపోతుంది. క్లయింటు అడిగాడనో, పక్క బృందం అలాగే చేస్తోందనో, పైవారి ఆదేశమనో స్ప్రింట్లు (నెలకు మించని నిర్ణీత గడువుతో సాగే పని విడతలు) మొదలవుతాయి. కొన్నాళ్లకు రోజువారీ సమావేశాలు, బోర్డు మీద కార్డులు, అంకెల పట్టికలు అన్నీ యథావిధిగా సాగుతుంటాయి గాని, వాటి వల్ల ఏం ఒరిగిందని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. అటువంటి పరిస్థితి రాకుండా, ఈ పద్ధతి వల్ల మీకు దక్కేదేమిటో, దానికి మీరు చెల్లించవలసినదేమిటో ముందుగానే లెక్క వేసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

నా అవగాహనలో ఎజైల్ లాభాలకూ నష్టాలకూ మూలం ఒక్కటే: నిర్ణయాలను వాయిదా వేయడం. తగిన సమాచారం చేతిలో లేనప్పుడు తొందరపడకుండా, కొంత భాగం తయారుచేసి చూపించి, వాడేవారి స్పందన తెలిశాక నిర్ణయం తీసుకునే వెసులుబాటును ఈ పద్ధతి కల్పిస్తుంది. ఆలస్యంగా తీసుకున్నా ఇబ్బంది లేని నిర్ణయాలు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టుకు ఇది గొప్ప సౌలభ్యం. రోజులు గడిచేకొద్దీ దిద్దుబాటు ఖర్చు పెరుగుతూ పోయే నిర్ణయాలు ఎక్కువగా ఉన్నచోట మాత్రం ఇదే వెసులుబాటు మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి మీ ప్రాజెక్టులోని నిర్ణయాలు ఏ కోవకు చెందినవో తెలుసుకున్న తర్వాతే పద్ధతి గురించి మాట్లాడాలి.

పేరు వెనుక ఏముంది

ఎజైల్ కింద అనేక పద్ధతులు ఉన్నాయి. 1995లో కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ ఒక సదస్సులో సమర్పించిన, పనిని స్ప్రింట్లుగా నడిపే స్క్రమ్, క్రైస్లర్ కంపెనీ జీతాల చెల్లింపు ప్రాజెక్టులో కెంట్ బెక్ రూపుదిద్దిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వంటివి 1990లలోనే ఆచరణలో ఉన్నాయి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే విడిది కేంద్రంలో 17 మంది నిపుణులు సమావేశమై, ఈ పద్ధతులకు ఉమ్మడిగా ఉన్న 4 విలువలను ఎజైల్ మేనిఫెస్టో పేరుతో ప్రకటించారు. 12 సూత్రాలు దానికి తోడయ్యాయి. టొయోటా కర్మాగారాల్లో పుట్టిన, ఒకేసారి నడిచే పనులకు పరిమితి పెట్టే కాన్బాన్ ఆ తర్వాతి సంవత్సరాల్లో సాఫ్ట్‌వేర్ బృందాలకు చేరింది.

సమగ్రమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు, ప్రణాళికను అనుసరించడం కంటే మార్పుకు స్పందించడానికి ఎక్కువ విలువ ఇస్తామని మేనిఫెస్టో అంటుంది. అయితే తక్కువ ప్రాధాన్యం ఇచ్చిన అంశాలకు కూడా విలువ ఉందని అదే మేనిఫెస్టో చివరి వాక్యంలో స్పష్టం చేసింది. ఎజైల్ కాబట్టి డాక్యుమెంట్లు అక్కర్లేదని వాదించేవారు ఆ వాక్యం దాకా చదివినట్టు కనిపించదు. ఇక అవతలి పక్షాన, ఒక దశ పూర్తయ్యాకే మరో దశ మొదలుపెట్టే వాటర్‌ఫాల్ పద్ధతికి ఆద్యుడిగా చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన పత్రంలోనే, పరీక్షలన్నీ చివరికి మిగిల్చే వరుసక్రమం ప్రమాదకరమని హెచ్చరించారు. రెండు వైపులా మూలపత్రాలు వాటి అనుచరులకంటే జాగ్రత్తగానే మాట్లాడాయి.

నిర్ణయాల జాబితా తయారుచేయండి

పని మొదలుపెట్టే ముందు ఒక రోజు కేటాయించండి. డెవలపర్లు, టెస్టర్లు, సర్వర్ల నిర్వహణ చూసేవారు, క్లయింటు తరఫున అధికారంతో మాట్లాడగల వ్యక్తి కలిసి కూర్చుని, ఇప్పటికి తెలిసినంత మేరకు ప్రాజెక్టులో తీసుకోవలసిన ముఖ్య నిర్ణయాలన్నీ రాయాలి. ప్రతి నిర్ణయం పక్కన ఒకే ప్రశ్నకు జవాబు రాయాలి: ఆరు నెలల తర్వాత దీన్ని మార్చవలసి వస్తే ఏమవుతుంది? కొన్నింటికి ఒకటి రెండు రోజుల పని అని, కొన్నింటికి పాత డేటా అంతా మార్చాలని, మరికొన్నింటికి మార్చడం కుదరదని జవాబులు వస్తాయి.

స్క్రీన్ మీద ఏ వివరం ఎక్కడ ఉండాలి, రిపోర్టులో ఏ కాలమ్‌లు కావాలి, వాడుకరికి సందేశం ఎప్పుడు పంపాలి వంటివి మొదటి రకం. వీటి గురించి ప్రారంభంలో వారాల తరబడి చర్చించి పత్రాలు రాయించడం వృథా ప్రయాస. చివరి రకం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ దగ్గరగా పరిశీలిస్తే బోధపడుతుంది.

రుణ దరఖాస్తులను పరిశీలించే ఒక వ్యవస్థను తయారుచేస్తున్నారనుకుందాం. దరఖాస్తు స్థితిని నమోదు చేయడానికి డేటాబేస్ టేబుల్‌లో ఒకే కాలమ్ పెట్టారు. అధికారి 'పరిశీలనలో ఉంది' అన్న స్థితిని 'ఆమోదించబడింది'గా మార్చగానే కొత్త విలువ పడుతుంది, పాతది చెరిగిపోతుంది. మొదటి స్ప్రింట్‌కు ఇది చాలు. డెమో చక్కగా జరుగుతుంది, క్లయింటు సంతోషిస్తాడు. తొమ్మిదో స్ప్రింట్‌లో ఆడిటర్లు వచ్చి, ఫలానా దరఖాస్తు స్థితిని ఎవరు, ఏ తేదీన, దేని నుంచి దేనికి మార్చారో చూపమంటారు. మార్పుల చరిత్రను దాచే టేబుల్ చేర్చడం అప్పుడు కూడా పెద్ద పనేమీ కాదు. కాని అప్పటిదాకా జరిగిన మార్పుల వివరాలు ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి, ఎంత ఖర్చు పెట్టినా ఆ చరిత్ర తిరిగి రాదు. మొదటి వారంలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

డబ్బు మొత్తాలను ఒకే కరెన్సీలో దాచాలా అనేక కరెన్సీలలోనా, సమయాన్ని ఏ కాలమండలం ప్రకారం నమోదు చేయాలి, ఒకే వ్యవస్థను వాడే వేర్వేరు సంస్థల డేటాను ఎలా విడదీయాలి, బయటి సంస్థలు అనుసంధానమయ్యే ఏపీఐ రూపం ఎలా ఉండాలి, వ్యక్తిగత వివరాలను ఎక్కడ ఎన్‌క్రిప్ట్ చేయాలి అన్న ప్రశ్నలు సాధారణంగా ఇదే కోవలోకి వస్తాయి. ఇవి జాబితాలో ఐదారు మాత్రమే ఉంటే, స్ప్రింట్లు మొదలుపెట్టే ముందే వాటిని పరిష్కరించి, చిన్న డిజైన్ పత్రంలో కారణాలతో సహా రాసుకుని, మిగిలిన పనిని నిస్సంకోచంగా ఎజైల్‌కు అప్పగించవచ్చు. ఎక్కువ ప్రాజెక్టులకు ఈ మిశ్రమ మార్గమే తగినదని నా నమ్మకం. జాబితాలో సగానికి మించి చివరి రకమే ఉంటే, ఉదాహరణకు పరికరంలో ఒకసారి చేర్చాక మార్చడానికి వీలులేని సాఫ్ట్‌వేర్ అయితే, ముందస్తు ప్రణాళికకే పెద్దపీట వేయాలి.

లాభం ఎక్కడ దక్కుతుంది

అన్నింటికంటే పెద్ద లాభం, తప్పు దారిలో వెళ్తున్నామని త్వరగా తెలియడం. వాడేవారు తమకు కావలసినదాన్ని మాటల్లో చెప్పలేకపోవడం వారి లోపం కాదు. కంటికి కనిపించని వస్తువు గురించి ఎవరైనా ఊహించి మాత్రమే చెప్పగలరు. కస్టమర్ సేవా కేంద్రం వారు వెతుకులాట స్క్రీన్‌లో 12 ఫిల్టర్లు కావాలని రాసివ్వవచ్చు. రెండు వారాల తర్వాత ఫోన్ నంబరుతో మాత్రమే వెతకగలిగే స్క్రీన్‌ను వారి చేతికిస్తే, రోజంతా వాడి చూసి, ఇంకొక ఫిల్టర్ చేరిస్తే చాలునని వారే అంటారు. మిగిలిన పది ఫిల్టర్లకు కోడ్ రాయడం, టెస్ట్ చేయడం, ఏళ్ల తరబడి నిర్వహించడం అన్నీ తప్పుతాయి. చేయకుండా మిగిలిన పని ఏ రిపోర్టులోనూ కనిపించదు కనుక ఈ లాభాన్ని యాజమాన్యాలు తరచూ గుర్తించవు.

రెండవది, పురోగతిని నిజంగా చూడగలగడం. '90 శాతం పూర్తయింది' అన్న మాట నెలల తరబడి మారకుండా వినిపించే ప్రాజెక్టులు అందరికీ తెలిసినవే. ప్రతి స్ప్రింట్ చివర నడిచే సాఫ్ట్‌వేర్‌ను చూపాలన్న నియమం ఉంటే ఆ మాట చెల్లదు. అంతకంటే ముఖ్యంగా, అత్యవసరమైన భాగాలను ముందుగా పూర్తిచేస్తారు కాబట్టి, నిధులు మధ్యలో ఆగిపోయినా చేతిలో ఉపయోగపడేది ఏదో ఒకటి మిగులుతుంది.

ఇందుకు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవాన్ని చెప్పుకోవచ్చు. కేసుల ఫైళ్లను కంప్యూటరీకరించడానికి ఉద్దేశించిన దాని తొలి ప్రాజెక్టు సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో రద్దయింది. ఆ స్థానంలో 2006లో మొదలైన సెంటినెల్ ప్రాజెక్టులో, 2010 నాటికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 40 కోట్లకు పైగా ఖర్చైనా, అనుకున్న నాలుగు దశల్లో రెండే అందాయి. ఆ ఏడాది సంస్థ పనిని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న బృందంతో స్ప్రింట్ల పద్ధతికి మారింది; 2012 జూలైలో వ్యవస్థ పూర్తిస్థాయిలో వాడుకలోకి వచ్చింది. ఈ ఘనతనంతా ఎజైల్ ఖాతాలో వేయడం మాత్రం సరికాదు. అంతకుముందు ఏళ్లలో శ్రమించి రాసిన అవసరాల పత్రాలు అప్పటికి సిద్ధంగా ఉన్నాయి, వాటి ఆధారంగానే బ్యాక్‌లాగ్ (చేయవలసిన పనుల ప్రాధాన్య జాబితా) తయారైంది.

చెల్లించవలసిన మూల్యం

సమావేశాల లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే దీన్ని కాగితం మీద కచ్చితంగా వేయవచ్చు. 2020 నాటి స్క్రమ్ గైడ్ ప్రకారం నెల రోజుల స్ప్రింట్‌కు ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు, రివ్యూ (చేసిన పనిని చూపడం) 4 గంటలు, రెట్రోస్పెక్టివ్ (పనితీరును సమీక్షించుకోవడం) 3 గంటలు, రోజువారీ సమావేశం 15 నిమిషాలు. నెలకు 20 పనిదినాలనుకుంటే రోజువారీ సమావేశాలకు 5 గంటలు పడుతుంది. వెరసి ఒక్కొక్కరికి 20 గంటలు. బృందంలో ఎనిమిది మంది ఉంటే మొత్తం 160 గంటలు, అంటే ఒక మనిషి నెలంతా చేసే పని. ఇవి గరిష్ఠ పరిమితులే అయినప్పటికీ, బ్యాక్‌లాగ్ సవరణ కోసం విడిగా పెట్టుకునే సమావేశాలు ఈ లెక్కలో చేరలేదు. ఆ ఎనిమిదో వంతు సమయానికి సాటివచ్చే లాభం మీ ప్రాజెక్టులో దక్కుతోందా అన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న.

తరువాతిది తేదీలు, ధరల సమస్య. ఏం చేయాలో, ఎప్పటికి ముగించాలో, ఎంతకు చేయాలో మూడూ ఒప్పందంలో ముందే బిగించేసి, పైన ఎజైల్ అని పేరు పెట్టడం వల్ల రెండు పద్ధతుల్లోని కష్టాలూ ఒకేసారి మీద పడతాయి. మార్పు అడిగే హక్కు తనకుందని క్లయింటు, అదనపు పనికి అదనపు ధర కావాలని సరఫరాదారు పట్టుబడతారు. బ్రిటన్ ప్రభుత్వం సంక్షేమ చెల్లింపుల కోసం చేపట్టిన యూనివర్సల్ క్రెడిట్ కార్యక్రమం ఎజైల్ పద్ధతితో మొదలై చిక్కుల్లో పడినప్పుడు, అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2013 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక, అప్పటికే ఉన్న ఒప్పందాలు, పర్యవేక్షణ ఏర్పాట్లలో ఆ పద్ధతిని ఇముడ్చుకోవడంలో శాఖ ఇబ్బందులు పడిందని పేర్కొంది. డెవలపర్లు మాత్రమే కొత్త పద్ధతికి మారి, కొనుగోళ్ల విభాగమూ ఆర్థిక విభాగమూ పాత పద్ధతిలోనే ఉండిపోతే ఎక్కడైనా జరిగేది ఇదే.

నా దృష్టిలో అత్యంత ప్రమాదకరమైనది టెక్నికల్ డెట్. అప్పుతో దీన్ని పోలుస్తూ వార్డ్ కనింగ్‌హామ్ 1992లోనే వివరించారు: త్వరగా విడుదల చేయడం కోసం కోడ్‌ను అరకొరగా వదిలేస్తే, తర్వాత చేసే ప్రతి మార్పులోనూ దానికి వడ్డీ చెల్లిస్తూనే ఉండాలి. ప్రతి రెండు వారాలకూ కొత్తది చూపాలన్న ఒత్తిడి ఉన్నచోట ఈ అప్పు సహజంగానే పేరుకుంటుంది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో దీనికి విరుగుడు ఉంది. ఆటోమేటెడ్ టెస్టులు, నిరంతర ఇంటిగ్రేషన్ (అందరి కోడ్‌నూ తరచూ కలిపి పరీక్షించడం), రీఫ్యాక్టరింగ్ (పనితీరు మారకుండా కోడ్‌ను చక్కదిద్దడం), ఇద్దరు కలిసి ఒకే కోడ్ రాయడం వంటి ఇంజినీరింగ్ అలవాట్లు మార్పు ఖర్చును అదుపులో ఉంచుతాయి. స్క్రమ్ ఈ విషయాలను బృందం విచక్షణకే వదిలేసింది. దాంతో చాలా సంస్థలు సమావేశాలను తీసుకుని, ఈ అలవాట్లను వదిలేశాయి. ఆటోమేటెడ్ టెస్టులు లేకుండా స్ప్రింట్లు నడిపే బృందం మొదటి ఆరు నెలలు వేగంగా పరుగెత్తుతుంది, ఆ తర్వాత ఒక చోట సరిచేస్తే మరోచోట చెడిపోయే దశకు చేరుతుంది. ఈ అలవాట్లకు సమయం ఇవ్వలేమనుకుంటే ఎజైల్ జోలికి వెళ్లకపోవడమే మేలని నేను నిస్సందేహంగా చెబుతాను.

వెలాసిటీ దుర్వినియోగం గురించి కూడా చెప్పాలి. వెలాసిటీ అంటే ఒక స్ప్రింట్‌లో బృందం ఎన్ని స్టోరీ పాయింట్ల (పని పరిమాణానికి బృందం ఇచ్చుకునే అంకెల) పని ముగించిందన్న లెక్క; అది తర్వాతి స్ప్రింట్‌కు ఎంత పని ఎత్తుకోవాలో తేల్చుకోవడానికి బృందం తనకోసం వేసుకునే అంచనా. దాన్ని పైవారు లక్ష్యంగా నిర్ణయించిన మరుక్షణం, నిన్నటి మూడు పాయింట్ల పని నేడు ఐదు పాయింట్లవుతుంది. అంకె పెరుగుతుంది, పని అంతే ఉంటుంది. రెండు బృందాల వెలాసిటీని పోల్చడం ఇంకా అర్థరహితం, ఎవరి కొలత వారిది కనుక.

నియంత్రణ సంస్థల పరిధిలోని రంగాల్లో ఎజైల్ నిషిద్ధమన్న అపోహ ఒకటుంది. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు వర్తించే ఐఈసీ 62304 ప్రమాణం ఫలానా పద్ధతిలోనే పనిచేయాలని నిర్బంధించదు. కావలసిన పత్రాలు, ఆధారాలు మాత్రం ఉండి తీరాలంటుంది. ఆ పత్రాలను ప్రతి స్ప్రింట్‌లోనూ కొంత కొంత రాయవలసి ఉంటుంది కాబట్టి వేగం తగ్గుతుందని ముందే అంచనా వేసుకోవాలి.

అమలు చేసే తీరు

స్క్రమ్, కాన్బాన్‌లలో ఏది ఎంచుకోవాలన్నది పని వచ్చే తీరును బట్టి తేల్చాలి. కొత్త ఉత్పత్తిని కొంత కొంతగా తయారుచేస్తూ పోయే బృందానికి స్ప్రింట్లు నప్పుతాయి. లోపాల సవరణ, సపోర్ట్ అభ్యర్థనలు రోజూ వచ్చిపడే బృందం రెండు వారాల ప్రణాళిక వేసుకుంటే మూడో రోజుకే అది చెల్లకుండా పోతుంది. అటువంటి వారు కాన్బాన్‌కు వెళ్లి, ఒకేసారి చేతిలో ఎన్ని పనులుండవచ్చో పరిమితి పెట్టుకోవాలి. ఆ పరిమితి ఎందుకు పనిచేస్తుందో లిటిల్స్ లా (నడుస్తున్న పనుల సంఖ్యను అవి పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు సమయం వస్తుందన్న సూత్రం) చెబుతుంది. సగటున 12 పనులు నడుస్తూ వారానికి 3 పూర్తవుతుంటే ఒక్కో పనికి సగటున 4 వారాలు పడుతుంది. అదే వేగంతో పనిచేస్తూ నడుస్తున్న పనులను 6కు తగ్గిస్తే 2 వారాలే పడుతుంది.

క్లయింటు తరఫున ప్రొడక్ట్ ఓనర్‌గా, అంటే ఏ పని ముందు చేయాలో నిర్ణయించేవారిగా, ఉండే వ్యక్తిని ఎంచుకోవడం పద్ధతి ఎంపిక కంటే కష్టమైన పని. ఆ వ్యక్తికి వ్యాపారం తెలిసి ఉండాలి, 'ఇది ఇప్పుడు వద్దు' అని చెప్పే అధికారం ఉండాలి, బృందం అడిగిన సందేహానికి ఆ రోజో మరునాడో జవాబిచ్చే తీరిక ఉండాలి. ఈ మూడింటిలో తీరికే ఎక్కువగా కొరవడుతుంది. వారానికి ఒక గంట మాత్రమే కేటాయించగల ఉన్నతాధికారి కంటే, రోజూ రెండు గంటలు ఇవ్వగలిగి, తగిన అధికారం అప్పగింపబడిన మధ్యస్థాయి ఉద్యోగి మేలు.

యూజర్ స్టోరీని (వాడుకరి కోణంలో రాసిన అవసరాన్ని) ఎంత చిన్నదిగా విడగొట్టాలో చాలామందికి సందేహం. 'వాడుకరి తన పాస్‌వర్డ్ మార్చుకోగలగాలి' అన్న స్టోరీ చిన్నదిగానే కనిపిస్తుంది గాని, అందులో లాగిన్ అయి ఉన్నవారు మార్చుకోవడం, మరిచిపోయినవారు ఈమెయిల్ ద్వారా తిరిగి పొందడం, మార్చిన తర్వాత ఇతర పరికరాల్లోని సెషన్లు ముగిసిపోవడం అనే మూడు పనులున్నాయి. విడగొట్టిన రెండో స్టోరీకి ఆమోద నిబంధనలు ఇలా రాయవచ్చు: ఈమెయిల్‌లో పంపిన లింకు 30 నిమిషాల తర్వాత పనిచేయకూడదు, ఒకసారి వాడిన లింకు రెండోసారి చెల్లకూడదు, నమోదు కాని ఈమెయిల్ ఇచ్చినా, నమోదైనది ఇచ్చినా స్క్రీన్ మీద ఒకే సందేశం కనిపించాలి. మూడో నిబంధన లేకపోతే ఎవరెవరికి ఖాతాలున్నాయో బయటివారు ఆ పేజీ ద్వారానే కనిపెట్టగలరు. ఇంత వివరంగా రాసిన స్టోరీ గురించి టెస్టర్‌కూ డెవలపర్‌కూ మధ్య వాదన తక్కువగా జరుగుతుంది. దీనితోపాటు, కోడ్ రివ్యూ జరిగి, ఆటోమేటెడ్ టెస్టులు నెగ్గి, టెస్ట్ సర్వర్‌లో నడిచినప్పుడే పని పూర్తయినట్టు లెక్క అని బృందమంతా ముందుగానే ఒప్పుకుని రాసిపెట్టుకోవాలి.

ఒప్పందం విషయంలో, గడువునూ బృందం పరిమాణాన్నీ స్థిరంగా ఉంచి, చేయవలసిన అంశాలను ప్రాధాన్య క్రమంలో మార్చుకునే స్వేచ్ఛను రాతపూర్వకంగా చేర్చుకోవడం ఆచరణయోగ్యం. ఒక కొత్త అంశాన్ని చేర్చినప్పుడు దానికి సమానమైన అంచనా గల మరో అంశాన్ని తీసివేయవచ్చన్న నిబంధన ఇరుపక్షాలకూ రక్షణనిస్తుంది.

మూడు నెలలు నడిపిన తర్వాత పద్ధతిని తిరిగి పరిశీలించాలి. వెలాసిటీని పక్కన పెట్టి, ఒక పని మొదలుపెట్టినప్పటి నుంచి వాడుకరికి చేరేదాకా పట్టిన రోజులు, విడుదల తర్వాత బయటపడిన లోపాలు, ప్రతి డెమో తర్వాత బ్యాక్‌లాగ్‌లో జరిగిన మార్పులు చూడండి. ఈ మూడింటిలో ఆఖరిది నాకు ఎక్కువ సమాచారమిచ్చేదిగా తోస్తుంది. వరుసగా ఆరు డెమోలు జరిగినా బ్యాక్‌లాగ్‌లో ఏదీ చేరలేదు, ఏదీ పోలేదు, క్రమం కూడా మారలేదంటే, చూడవలసినవారు శ్రద్ధగా చూడటం లేదనైనా అనుకోవాలి, లేదా అవసరాలు నిజంగానే మొదటినుంచి స్పష్టంగా ఉన్నాయని అయినా అనుకోవాలి. మొదటిది కారణమైతే, డెమోను ప్రొజెక్టర్ మీద చూపడం మానేసి, సాఫ్ట్‌వేర్‌ను అసలైన వాడుకరుల చేతికిచ్చి పక్కన కూర్చుని గమనించండి. రెండవది కారణమైతే, స్ప్రింట్ నిడివిని నెలకు పెంచి, సమావేశాల్లో మిగిలిన గంటలను టెస్టుల ఆటోమేషన్‌కు మళ్లించండి.